రెండు తలల వైరు

మార్చి 2

తాతను చెల్లి గదిలోకి మార్చాను. నా కంప్యూటర్‌కి తాత అని పేరు పెట్టింది చెల్లే. ఆ కంప్యూటర్‌కి పదిహేడేళ్ళు. నేను దిద్దే ప్రూఫుల్లోని పాత అక్షరాలు ఇందులో తప్ప ఇంకెక్కడా సరిగ్గా కనబడవు కాబట్టి నేను దీన్ని వదలను, ఇది నన్ను వదలదు. ఇకనుంచి చెల్లి మంచం పక్కనే బల్ల వేసుకుని పని చేసుకుంటాను. తనకేమైనా కావలసి వస్తే ముందు గదిలో ఉన్న నన్ను పిలవలేదు కదా.

ఆపరేషన్ అయి ఇరవై రోజులు. గడ్డతో పాటు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాంట్లో గొట్టం. మాటలన్నీ ఇప్పుడు రాసి చెరిపే బోర్డు మీదే. పై ఫ్యాన్ గాలికి గొట్టం దగ్గర ఎండిపోతుందట, వేయకూడదన్నారు. అందుకని కంప్యూటర్‌కి గుచ్చుకునే బుల్లి ఫ్యాన్ ఒకటి కొని, తాత ముందు వైపు పోర్టులో పెట్టి, తన కాళ్ళ వైపు తిప్పాను. బోర్డు మీద "స్వర్గం" అని రాసి కళ్ళు మూసుకుంది.

పక్క పోర్టులో హార్డ్ డిస్క్ పెట్టాను. దాని వైరుకి ఒకవైపు రెండు ప్లగ్గులున్నాయి. ఒకటి చాలు కదా. రెండోది ఎక్‌స్ట్రా అనుకుని రబ్బరు బ్యాండు వేసి పక్కకి కట్టేశాను.

రేపు తెరిచి చూస్తాను.

మార్చి 3

టిక్, టిక్, టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్. తాత తెర మీద డిస్కు బొమ్మ రాలేదు. వైరు వదులైనట్టుంది.

మార్చి 4

వైరే అయి ఉంటుంది.

మార్చి 6

వైరు తీసి తుడిచి పెట్టాను. తాతను ఆపి, ఐదు నిమిషాలు ఊరుకుని, మళ్ళీ వేశాను. టిక్, టిక్.

ఆ డిస్కులో ఉన్నదేమిటో నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. అయినా రాస్తున్నాను, రాస్తే కాస్త భయం తగ్గుతుందేమోనని. ఆరువందల నలభై వాక్యాలు. ఆపరేషన్‌కి ముందు నెలంతా చెల్లి చదివింది, నేను రికార్డు చేశాను. ఆసుపత్రిలో మాట నేర్పే స్పీచ్ మేడం చెప్పిన పని అది. ఆ వాక్యాలన్నీ ల్యాబ్‌కి ఇస్తే, వాళ్ళు వాటితో ఒక గొంతు తయారు చేస్తారట. తర్వాత చెల్లి ఫోన్‌లో ఏది టైపు చేసినా ఫోను తన గొంతుతోనే పలుకుతుంది. ఎవరి గొంతో కాదు, తనదే.

ముందు గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టాం. తాత కడుపు నా పదిహేడేళ్ళ ప్రూఫులతో నిండిపోయింది కాబట్టి కొత్త డిస్కు కొన్నాం. రోజూ తాత వెనక్కి దూరి దాని వైరు పెట్టేది చెల్లే. పన్నెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి, ఏ యంత్రానికి ఏది ఎక్కడ తగిలించాలో తన చేతికి తెలుసు. స్కూల్లో అందరూ బ్రేకు మేడం అంటారు. డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసిందంటే బండి ఉన్న చోట ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. నాకూ నేర్పబోయింది. ఏడో రోజు నేనే దిగిపోయాను. కానీ ఇప్పటికీ ఎవరైనా బల్ల మీద రెండుసార్లు కొడితే నా కుడికాలు నేలను తొక్కుతుంది.

రికార్డింగ్‌లో మాత్రం నేర్పేది నేనయ్యాను. ప్రూఫులు దిద్దే కన్ను తప్పు వదలదు కదా, చెవి కూడా అంతే. 412వ వాక్యం, "కిటికీ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు." చివరి అక్షరం మింగేసిందని తొమ్మిదిసార్లు చెప్పించాను. గొంతు నొప్పి అంటున్నా వినకుండా.

ఆఖరి రోజు గురించి రాయను.

మార్చి 9

స్పీచ్ మేడం ఫోన్ చేసింది.

"ఫైళ్ళు ఎప్పుడిస్తారండీ? ల్యాబ్ వాళ్ళు నెలాఖరుకి ఈ పని మూసేస్తున్నారు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో నాకే తెలీదు."

"కాపీ అవుతోందండీ. వాక్యాలు ఎక్కువ కదా," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి. చెల్లి మంచం మీంచి చూస్తోంది. తనతోనూ అదే అన్నాను. తల ఊపి అటు తిరిగి పడుకుంది.

మార్చి 10

ఇప్పటికి పద్నాలుగుసార్లు పెట్టి తీశాను.

మార్చి 11

ఇరవై రెండు.

మార్చి 13

మధ్యాహ్నం కిటికీ తెర దించి ఉంది. దాని వెనక ఎండ పాలపొంగులా తెల్లగా కదులుతోంది. చెల్లి నిద్రపోయింది. బుల్లి ఫ్యాన్ తన కాళ్ళ మీది దుప్పటి అంచుని లేపుతూ దించుతూ ఉంది. నేను డిస్కుని బల్ల మీదే ఉంచి దాని పక్కన చెవి ఆనించాను. టిక్, టిక్. ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టుంది, రెండు మెట్లెక్కి మళ్ళీ దిగిపోతున్నట్టుంది.

అలాగే కునుకు పట్టింది. కలలో నేను స్టీరింగు ముందు ఉన్నాను. వీధి నిండా నీళ్ళు, మోకాళ్ళ లోతు, కింద రోడ్డు గీతలు తెల్లగా కనబడుతున్నాయి. కారు తడవడం లేదు. పక్క సీట్లో చెల్లి గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతోంది, నవ్వుతోంది, నన్ను తిడుతోంది. నాకు ఒక్క మాటా వినబడటం లేదు. టిక్ టిక్ మని మాత్రమే వినిపిస్తోంది. "మళ్ళీ చెప్పు," అన్నాను. చెప్పింది. "మళ్ళీ," అన్నాను. అలా ఎన్నిసార్లో. తను విసుక్కోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

లేచేసరికి చెల్లి మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. డిస్కు ఇంకా టిక్కుమంటూనే ఉంది. గబగబా వైరు లాగేశాను.

మార్చి 14

టిక్కుమంటోందంటే బతికే ఉంది. పూర్తిగా చచ్చిపోతే ఆ చప్పుడు కూడా ఉండదు కదా. రోజూ నాలుగైదుసార్లు పెడుతూ ఉంటే ఎప్పుడో ఒకసారి అందుకుంటుంది.

మార్చి 15

ముప్ఫై ఒకటి.

మార్చి 17

ఇవాళ దొరికిపోయాను.

ప్రూఫులు చూస్తున్నట్టు నటిస్తూ డిస్కు పెట్టాను. టిక్, టిక్. వెనకనుంచి పెన్ను మూత తీసిన చప్పుడు. చెల్లి బోర్డు ఎత్తి పట్టుకుంది.

"కాపీ అవ్వట్లేదు కదూ?"

ఇంట్లో నోరున్నది నాకే, అదీ మూతపడింది. తను చెరిపి మళ్ళీ రాసింది, అక్షరాలు ఎప్పట్లా వంకరగా.

"బ్యాటరీ డౌనైన బండికి సెల్ఫ్ కొడితే ఇలాగే టిక్కు టిక్కు అంటుంది. ఇంజన్ పోయినట్టు కాదు. కానీ ఊరికే కొడుతూ కూర్చుంటే ఉన్నది కూడా పాడవుతుంది. పదిహేను రోజులుగా కొడుతున్నావు. ఎవర్నీ ఎందుకు అడగలేదు?"

అప్పుడు చెప్పేశాను. ఆసుపత్రికి వెళ్ళిన రోజు, అంటే రికార్డింగ్ ఆఖరి రోజు. టాక్సీ కింద హారన్ కొడుతూనే ఉంది. చెల్లి ఆఖరి వాక్యం చదివి లేచింది. తాతకి ఒక మాట చెప్పి, ఇప్పుడు తియ్యొచ్చు అని అది అన్నాక తియ్యాలి డిస్కుని. నాకు తెలుసు, రోజూ అలాగే తీసేదాన్ని. ఆ రోజు ఒక్క లాగు లాగేశాను. అప్పటికి డిస్కు దీపం మిణుకుమంటూనే ఉంది. చంపింది నేనే, ఇంక ఏ షాపువాడికి చూపించినా ఏం చేశారమ్మా అని అడుగుతాడు, నేను ఏం చెప్పను? మొహం చెల్లక ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను.

చెల్లి నవ్వింది. ఇప్పుడు తన నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతాయి.

"నాకు తెలుసు. టాక్సీ ఎక్కేటప్పుడు వైరు నీ చేతిలో వేలాడుతోంది. నువ్వు దాంతో నా సీటు బెల్టు పెట్టబోయావు."

అది నిజమో అబద్ధమో నాకు గుర్తులేదు. తనకే గుర్తు.

మార్చి 18

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. డిస్కు తీసుకెళ్ళలేదు. దారిలో కుదుపులకి ఇంకేమవుతుందో అని. షాపాయన పెద్దమనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మాట్లాడతాడు. అంతా విని అడిగాడు.

"లాగేసినందుకు ఒక్కోసారి ఫైలు దెబ్బతింటుందమ్మా, కాదనను. కానీ ఈ టిక్కుటిక్కు దానికి సంబంధించింది కాదు. వైరుకి ఎన్ని తలలు?"

"రెండండీ. ఒకటి ఎక్‌స్ట్రా."

"ఎక్‌స్ట్రా కాదు. ఒకటి మాటలకీ తిండికీ, రెండోది ఒట్టి తిండికి. ఈ డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు చాలా కరెంటు అడుగుతుంది. పాత కంప్యూటర్ ఒక్క పోర్టు నుంచి అంత ఇవ్వలేదు. అందుకే రెండు తలలు పెడతారు. ముందు వైపు పోర్టులైతే మరీ బలహీనం. పక్కన ఇంకేమైనా పెట్టారా?"

ఫ్యాన్ అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆకలితో ఉన్నవాడి కంచంలోంచి ఫ్యాన్ తినేస్తోందమ్మా. పాపం ఆ డిస్కు లేవబోతుంది, శక్తి చాలక పడిపోతుంది. ఆ పడిన చప్పుడే మీరు వింటున్నది. ఎన్నిసార్లు లేపారు?"

లెక్క చెప్పలేదు.

"ఇక లేపకండి. ఇక్కడికి తెస్తే నేనే చేసి పెడతాను."

ఎందుకో తేలేననిపించింది. చెల్లి దగ్గుతూ, నీళ్ళు తాగుతూ, నన్ను తిట్టుకుంటూ చదివిన వాక్యాలు ఒక షాపు బల్ల మీద మోగడం ఊహించలేకపోయాను. ఆయన బలవంతం చేయలేదు. అటక మీంచి హబ్బు అనే పోర్టుల డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు. దానికి సొంత కరెంటు ఉంటుందట. తాతకి ఒట్టి మాటలు పంపితే చాలు, డిస్కుకి తిండి హబ్బే గోడలోంచి తెచ్చి పెడుతుంది. దాని అడాప్టర్ మాత్రం ఆయన దగ్గర లేదు.

"తెప్పిస్తాను. ఐదు వోల్టులది. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్నది ఏదో గుచ్చకండి. పిన్నులన్నీ ఒకేలా ఉంటాయి, లోపల వచ్చేది ఒకేలా ఉండదు. మీదున్న చిన్న అక్షరాలు చదవాలి."

"చదవడమే నా వృత్తండీ," అన్నాను కాస్త పొగరుగా. ఇంటికొచ్చి చెల్లికి అదంతా చెప్పాను.

మార్చి 19

ముందు ఫ్యాన్ పీకేశాను. అలమరలో పెట్టి తాళం వేశాను. చెల్లి బోర్డు మీద "అదేం చేసింది పాపం?" అని రాసింది. దొంగ అన్నాను.

బల్ల దీపం తీసేశాను. ఫోన్ చార్జరు కూడా పక్క గదిలోకి మార్చాను. ఈ గదిలో డిస్కు తప్ప ఇంకేదీ కరెంటు ముట్టుకోవడానికి వీల్లేదు.

మార్చి 20

అడాప్టర్ రాలేదు. చాలా ఎండ. డిస్కుని మెత్తటి గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. పెట్టాక నాకే నవ్వొచ్చింది, దానికి చలేస్తుందా.

మార్చి 21

రాలేదు. స్పీచ్ మేడం మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నిజం చెప్పాను. "అయ్యో, ముందే చెప్పుంటే," అని ఆగిపోయింది. పది రోజులున్నాయి.

మార్చి 22

మధ్యాహ్నం సొరుగులు వెతుకుతుంటే పాత ఇంటర్నెట్ డబ్బా తాలూకు అడాప్టర్ దొరికింది. నలుపు, లావుగా, మంచి బరువు. హబ్బులో పెట్టి చూస్తే పిన్ను కచ్చితంగా పట్టింది. దేవుడే పంపాడనుకున్నాను. డిస్కుని గుడ్డలోంచి తీశాను. హబ్బుకి తగిలించాను, రెండు తలలూ పెట్టాను, హబ్బుని తాతకి కలిపాను. ఇక అడాప్టర్ని గోడకి పెట్టి స్విచ్ వేయడమే. స్విచ్ మీద వేలు పెట్టాను.

మంచం పక్క బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు.

నా కుడికాలు నేలను తొక్కింది. వేలు దానంతట అదే వెనక్కి వచ్చింది. ఎందుకని అడగలేదు. ఆ చప్పుడుకి అడగకూడదు.

చెల్లి మంచం దిగింది. ఆపరేషన్ తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగడం అదే మొదటిసారి. నడిచి వచ్చి, అడాప్టర్ని గోడనుంచి తీసి, కిటికీ వెలుగులో తిప్పి, నా కళ్ళ ముందు పెట్టింది. అడుగున, చీమ తలకాయంత అక్షరాలు. పన్నెండు వోల్టులు.

ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల తప్పులు ఏరుతున్నాను. అచ్చులో ఒక చుక్క ఎక్కువైతే కనిపెడతాను. అడాప్టర్ మీద పన్నెండు చదవలేకపోయాను. చదవలేకపోవడం కాదు, అసలు చూడనే లేదు. స్విచ్ పడి ఉంటే హబ్బు కాలేది, దాంతో పాటు డిస్కూ. ఆరువందల నలభై వాక్యాలు ఒక్క క్షణంలో.

డిస్కుని మళ్ళీ గుడ్డలో చుట్టి నేల మీద కూర్చున్నాను. చెల్లి కూడా పక్కన కూర్చుంది. తర్వాత బోర్డు అందుకుంది.

"ఎనిమిదో రోజు క్లాసు. పర్లేదు, బ్రేకు బాగానే పట్టావు."

మార్చి 24

అడాప్టర్ వచ్చింది. ఐదు వోల్టులు. నేను మూడుసార్లు చదివాను, చెల్లి ఒకసారి చదివింది.

అన్నీ కలిపాక స్విచ్ తనని వేయమన్నాను. వేసింది. టిక్కు రాలేదు. ముందు సన్నగా ఒక గాలి లాంటిది, తర్వాత అది గట్టిపడి, ఒకే స్థాయిలో, ఆగని చప్పుడు. వేలు ఆనిస్తే డిస్కు నిద్రపోతున్న పిల్లి కడుపులా అదురుతోంది. తాత కాసేపు ఆలోచించి బొమ్మ చూపించింది. నేను ఏడ్చాను. ఇది రెండోసారి, ఇక లెక్క పెట్టను.

షాపాయన చెప్పినట్టు రెండు పెన్ డ్రైవుల్లోకి కాపీ, ఒకటి అయ్యాకే రెండోది. మొదటిది మూడు గంటలు పడుతుందంది తాత. ఇద్దరం నేల మీద చాప పరుచుకుని పడుకున్నాం. ముట్టుకోవడానికి లేదు, కదపడానికి లేదు. కిటికీ తెర వెనక ఎండ అటు గోడనుంచి ఇటు గోడకి వచ్చింది. డిస్కు చప్పుడు వింటూ ఉంటే ఇల్లే మెల్లగా ఎక్కడికో ప్రయాణిస్తున్నట్టనిపించింది, మేమిద్దరం వెనక సీట్లో. చెల్లి నుదుట చెమట. కొంగుతో తుడిచాను.

పని అయ్యాక కొన్ని వాక్యాలు విన్నాం. ఆఖరి రోజు చదివినవన్నీ ఉన్నాయి. ఆఖరి వాక్యం ఒక్కటే లేదు. నా లాగుడుకి పోయింది అదొక్కటే. తర్వాత 412. "కిటికీ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు." దాని వెనక నా గొంతు, రాయిలా, "మళ్ళీ." మళ్ళీ చెప్పింది. "మళ్ళీ." ఆరోసారికి తన గొంతు బొంగురుపోయింది. ఏడోసారికి దగ్గు. "మళ్ళీ." నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. నా మాటలన్నీ కోసి పారేస్తానన్నాను, వినలేనన్నాను.

చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక పెన్ డ్రైవులో కొయ్యి, ల్యాబ్ వాళ్ళకి. ఇంకోదాంట్లో ఉంచు. నా గొంతు ఉండి నీ నస లేకపోతే అది నేననిపించదు."

ఇవాళ తాతని అడిగాను. ఇప్పుడు తియ్యొచ్చు అని అది అనేవరకు ఆగాను. అప్పుడు తీశాను.

మార్చి 25

స్పీచ్ మేడం చేతికి ఇచ్చి వచ్చాను.

ఏప్రిల్ 4

ల్యాబ్ నుంచి ఏమీ తెలియలేదు.

ఏప్రిల్ 9

చెల్లి వీధి చివరిదాకా నడిచి వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ బండి పోతుంటే నిలబడి చూసింది. లోపల నేర్చుకునే అమ్మాయి క్లచ్ గబుక్కున వదిలింది, బండి ఎగిరి ఆగింది. చెల్లి పెదవులు కదిలాయి. ఏమన్నదో నాకు తెలుసు.

ఏప్రిల్ 16

మధ్యాహ్నం ప్రూఫులు చూస్తున్నాను. ఎండ దంచేస్తోంది. స్పీచ్ మేడం నిన్న చెల్లి ఫోన్‌లో ఏదో పెట్టిందని తెలుసు, కానీ ఇంకా కొన్ని మార్పులున్నాయంది. చెల్లి పొద్దుటినుంచి ఫోన్ పట్టుకుని అటు తిరిగి పడుకుంది. నేను అడగలేదు. మొదటి మాట ఏమంటుందో అని నెల రోజులుగా లోపల ఊహించుకుంటున్నదాన్ని, అడిగితే పాడవుతుందేమోనని.

నాకు వినబడాలని నేను అనుకున్నవి చాలా ఉన్నాయి. అవేవీ ఇక్కడ రాయను.

వెనకనుంచి వినబడింది. కాస్త గుండ్రంగా, కాస్త నిదానంగా ఉంది, కానీ చివరి అక్షరం మింగేసింది, అచ్చం తనే.

"అక్కా, ఆ ఫ్యాన్ని ఇప్పటికైనా అలమరలోంచి తియ్యవే. నెల రోజులుగా ఉడికిపోతున్నాను."

పెన్ను చేతిలోంచి జారిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో తెలుసు. లేచి అలమర దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి రంధ్రంలో పడడం లేదు, కళ్ళ నిండా నీళ్ళు.

"మళ్ళీ," అన్నాను.

మళ్ళీ అంది.